గుర్రప్పిల్ల బడికెళ్తోంది!

పుట్టిన గంటకే లేచి నిలబడుతుంది. మర్నాటికల్లా తల్లి వెంట గంతులేస్తుంది. పరుగు దానికి పుట్టుకతోనే వచ్చిన విద్య. కానీ మనిషిని వీపు మీద మోయడం మాత్రం అలా రాదు. ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పాల్సిందే. ఆ నేర్పడంలో తొందరపడితే పాడయ్యేది ఆ రోజు పాఠం కాదు... ఆ గుర్రం బతుకు!

తెల్లవారుజాము. మంచు తెరలు ఇంకా వీడలేదు. గుండ్రటి కంచె మధ్యలో ఒక మనిషి. అతని చేతిలో పొడవాటి తాడు. ఆ తాడు రెండో చివర ఏడాదిన్నర వయసున్న గోధుమరంగు గుర్రప్పిల్ల. వీపు మీద జీను లేదు. నోట్లో కళ్ళెం లేదు. 'చల్ బేటా' అంటే నడుస్తోంది. 'హో' అంటే ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ మెడ మీద ఆప్యాయంగా ఓ నిమురు. పది నిమిషాలు... పాఠం అయిపోయింది! 'ఇంతేనా?' అనిపిస్తుంది చూసేవాళ్లకి. ఇంతే. రేపు మళ్లీ ఇదే. ఎల్లుండీ ఇదే. ఇలా కొన్ని వారాలు గడిస్తేగానీ దాని వీపు మీదికి మనిషి ఎక్కడు.

రేసు గుర్రాల్ని పెంచే ఫారాల్లో, సైన్యం అశ్వశాలల్లో, స్వారీ నేర్పే బడుల్లో... మంచి శిక్షకుడున్న ప్రతిచోటా ఇలాంటి దృశ్యమే కనిపిస్తుంది. సినిమాల్లో చూసేది వేరు. అక్కడ కథానాయకుడు పొగరుబోతు గుర్రం మీదికి ఒక్క గెంతు గెంతుతాడు. అది నాలుగుసార్లు ఎగిరెగిరిపడి చివరికి తల వంచుతుంది. ఈలలు, చప్పట్లు! నిజ జీవితంలో అలా లొంగదీసిన గుర్రం తల వంచుతుందేమోగానీ ఆ భయాన్ని మాత్రం మరిచిపోదు. ఎప్పుడో, ఎక్కడో, ఏ పసివాడో ఎక్కినప్పుడు అది బయటపడుతుంది. గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. ఆ పాతికేళ్లూ ఎలా గడుస్తాయన్నది మొదటి మూడు నాలుగేళ్లలోనే చాలావరకూ తేలిపోతుంది.

ఒకటి... రెండు... మూడు!

గుర్రం దాదాపు పదకొండు నెలలు మోసి కంటుంది. ఈనడం చాలావరకూ రాత్రిపూటే. చుట్టూ సందడి సద్దుమణిగాక, ఎవరూ లేరనుకున్నాక మొదలుపెడుతుంది. అడవిలో పులికీ తోడేలుకీ ఆహారమైన జాతి కదా, ఆ జాగ్రత్త రక్తంలోనే ఉంది. నొప్పులు ముదిరాక పిల్ల బయటికి రావడానికి అరగంట పడితే ఎక్కువ. అంతకంటే ఆలస్యమైతే పశువైద్యుణ్ని పిలవాల్సిందే.

అక్కణ్నుంచి గుర్రాల పెంపకందారులు ఓ చిన్న లెక్క పెట్టుకుంటారు. ఒకటి, రెండు, మూడు. గంటలోపు పిల్ల లేచి నిలబడాలి. రెండు గంటల్లోపు తల్లి పాలు తాగాలి. మూడు గంటల్లోపు తల్లికి మాయ పడాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ప్రమాద ఘంటికే.

రెండో అంకె మరీ ముఖ్యం. మనిషి బిడ్డకి తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. గుర్రప్పిల్లకి ఆ అవకాశం లేదు. దానికి రక్షణంతా ముర్రుపాల నుంచే రావాలి. ఆ పాలలోని రక్షకాలను పీల్చుకునే శక్తి పిల్ల పేగులకు పుట్టిన కొద్ది గంటలే ఎక్కువగా ఉంటుంది. ఒక రోజు గడిచేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. తర్వాత ఎన్ని పాలు తాగినా ఆకలి తీరుతుందంతే. అందుకే పెద్ద ఫారాల్లో మొదటిసారి తీసిన మంచి ముర్రుపాలను గడ్డకట్టించి దాచి ఉంచుతారు. తల్లికి పాలు పడకపోయినా, తల్లే దక్కకపోయినా ఆ సీసానే పిల్లకి ప్రాణదాత.

పుట్టినప్పుడు పిల్ల బరువు తల్లి బరువులో పదో వంతు ఉంటుంది. తల్లి 450 కిలోలుంటే పిల్ల 45 కిలోలన్నమాట. కాళ్లు మాత్రం ఒంటికి సంబంధం లేనంత పొడుగ్గా, నాలుగు వెదురు కర్రల మీద చిన్న మూట పెట్టినట్టు ఉంటాయి. కొన్నాళ్లకు అది తల్లి పేడ తినడం చూసి కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడతారు. అదేమీ జబ్బు కాదు. గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల్ని తన పేగుల్లోకి చేర్చుకునే తంతు అది.

తొలి పాఠం తల్లి పక్కనే

చదువు ఎప్పుడు మొదలు? జీను వేసే రోజు కాదు. పుట్టిన మొదటి వారంలోనే! అదీ తల్లి పక్కనే. తల్లి ఎవరిని నమ్మితే పిల్ల వాళ్లని నమ్ముతుంది. సహీసు వచ్చినప్పుడు తల్లి ప్రశాంతంగా గడ్డి నములుతూ ఉంటే 'ఇతనితో భయం లేదు' అని పిల్లకి అర్థమైపోతుంది. తల్లి చెవులు వెనక్కి వాల్చి పళ్లికిలిస్తే అదీ అర్థమవుతుంది.

ఈ వయసులో నేర్పేవి చాలా చిన్న పనులు. మెడ, వీపు, పొట్ట నిమరనివ్వడం. మెత్తటి తలపట్టీ వేయించుకోవడం. తల్లి వెనకే నాలుగడుగులు తాడుతో నడవడం. నాలుగు గిట్టల్నీ ఒక్కొక్కటిగా పైకెత్తి పట్టుకుంటే కదలకుండా నిలబడటం. ఇవాళ 50 కిలోల పిల్లకి కాలెత్తడం నేర్పకపోతే, రేపు 400 కిలోల గుర్రం కాలు ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి. అప్పుడు కూడా ఎవరికో ఒకరికి తాపు తప్పదు.

నేర్పకూడనివీ ఉన్నాయి. రెండు నెలల గుర్రప్పిల్ల ముందుకాళ్లెత్తి మనిషి భుజాల మీద వేస్తే ముద్దుగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతారు, ఫొటోలు తీస్తారు. రెండేళ్లయ్యాక అదే ఆట ఆడితే? ఆస్పత్రికే! తల్లి లేక సీసా పాలతో పెరిగిన పిల్లలతో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వాటికి మనిషంటే భయమూ ఉండదు, దూరమూ తెలియదు. మందలో అయితే పిల్ల హద్దు మీరగానే పెద్ద గుర్రాలు చెవులు వాల్చి ఓ కసురు కసురుతాయి. అందుకే తల్లి లేని పిల్లని వీలైనంత తొందరగా ఓ నెమ్మదైన పెద్ద గుర్రం దగ్గరికి చేర్చాలంటారు అనుభవజ్ఞులు. మనిషి నేర్పలేని మర్యాదలు అది నేర్పుతుంది.

అయిదారు నెలలకి పాలు మాన్పిస్తారు. గుర్రప్పిల్ల జీవితంలో మొదటి పెద్ద దుఃఖం ఇదే. ఒక్కదాన్నే చీకటి కొట్టంలో కట్టేస్తే రోజుల తరబడి సకిలిస్తుంది, తిండి మానేస్తుంది. గోడలకి తలబాదుకుని గాయాలు చేసుకునేవీ ఉన్నాయి. ఈడు పిల్లలతో కలిపి ఉంచి, తల్లుల్ని ఒక్కొక్కటిగా మందలోంచి తప్పిస్తూ పోతే ఆ బాధ చాలా తగ్గుతుంది. కొట్టంలో చెక్క కొరకడం, గాలి మింగడం, నిలబడ్డచోటే అటూఇటూ ఊగడం లాంటి దురలవాట్లు చాలావాటికి పాలు మాన్పించాకే అంటుకుంటాయి. అంటుకుంటే వదలడం కష్టం.

దాని కళ్లతో చూస్తే...

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. చూడలేనివి రెండే చోట్లు. సరిగ్గా ముక్కు ముందు కొంత జాగా, సరిగ్గా తోక వెనక. అందుకే వెనక నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చిన మనిషికి తాపు తగులుతుంది. అది కోపం కాదు, భయం. తోడేలేమోనన్న భయం. గుర్రం దగ్గరికి ఎప్పుడూ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ రావాలి.

చెవులు చూస్తే మనసు తెలుస్తుంది. ముందుకు నిక్కబొడిస్తే ఆసక్తి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగితే 'నీ మాట వింటున్నా' అని. మెడకు అంటుకునేలా వెనక్కి వాలిస్తే... జాగ్రత్త! శిక్షణలో ఉన్న పిల్ల తల దించి, నోరు మెల్లగా నములుతున్నట్టు కదిలిస్తే దాని ఒంట్లో బిగువు సడలుతోందని గుర్తు. పాఠాన్ని అక్కడే ఆపేసి, నిమిరి వదిలేస్తాడు తెలిసిన శిక్షకుడు.

ఎందుకంటే గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి తీసేయడం వల్ల. తాడు మెల్లగా లాగుతారు. అది ఒక్క అడుగు వేయగానే తాడు వదులవుతుంది. 'ఓహో, అడుగేస్తే హాయిగా ఉంటుందన్నమాట' అని దానికి తెలుస్తుంది. అడుగేసినా తాడు వదల్లేదనుకోండి, ఏం చేయాలో తెలియక కాసేపు గింజుకుంటుంది. ఆ తర్వాత నోరూ మనసూ రెండూ మొద్దుబారిపోతాయి. మొండిదని పేరు పడిన గుర్రాల్లో చాలావాటి వెనక సమయానికి వదలడం తెలియని చెయ్యి ఒకటి ఉంటుంది.

'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో కుంటుతుంది' అని మనకో సామెత. నిజమే. అలాగని అది కొరడా పట్టమని చెప్పిన మాట కాదు. చెప్పింది చేయించేదాకా వదలకూడదు, చేశాక పట్టి ఉంచకూడదు. నిలకడ వేరు, కాఠిన్యం వేరు.

ముందు మాట... తర్వాతే కళ్ళెం

రేసులకు పెంచే పిల్లలకి సాధారణంగా ఏడాదిన్నర వయసు నుంచి అసలు శిక్షణ మొదలవుతుంది. స్వారీకీ, ఇతర క్రీడలకీ అయితే మూడో ఏడు దాకా ఆగుతారు. వరస మాత్రం దాదాపు ఒకటే.

మొదట పొడవాటి తాడుతో గుండ్రంగా నడక, జోరు నడక, ఆగడం. మాటకు కదలడం ఇక్కడే వస్తుంది. కుడివైపు ఎంతసేపో ఎడమవైపూ అంతసేపే తిప్పాలి. లేకపోతే మనలో కుడిచేతి వాటం ఉన్నట్టు దానికీ ఒక పక్క వాటం స్థిరపడిపోతుంది. వలయంలో తిరగడం లేత కీళ్లకి భారం కాబట్టి పది పదిహేను నిమిషాలకు మించనివ్వరు.

తర్వాత పొట్ట చుట్టూ ఓ వెడల్పాటి పట్టీ. మొదటిసారి దాన్ని బిగించినప్పుడు చాలా పిల్లలు వీపు విల్లులా వంచి ఎగురుతాయి. పులి మీద పడినప్పుడు పట్టుకునేది సరిగ్గా ఆ చోటే మరి! కొంచెం కొంచెంగా, ఒక్కో రోజు ఒక్కో రంధ్రం చొప్పున బిగిస్తూ పోతే ఆ గొడవ ఉండదు. పట్టీకి అలవాటయ్యాక దాని మీద చిన్న జీను. ఆ తర్వాత రికాబులు వేలాడదీస్తారు. పొట్టకి తగిలి టపటపలాడితే బెదరకూడదు కదా!

కళ్ళెం కథ ఇంకా సున్నితం. ముందు పశువైద్యుడు పళ్లు చూడాలి. కొన్ని గుర్రాలకు దవడ పళ్ల ముందు చిన్న అదనపు పన్ను ఉంటుంది. కళ్ళెం దానికి కొట్టుకుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. అలాంటి పన్ను ఉంటే ముందే తీసేస్తారు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేది కూడా ఈ వయసులోనే. ముందు పళ్లలో మధ్య జత రెండున్నరేళ్లకీ, పక్క జత మూడున్నరకీ, చివరి జత నాలుగున్నరకీ మారతాయి. అయిదేళ్లకి నోరు నిండుతుంది. గుర్రం వయసు పళ్లు చూసి చెప్పేది ఈ లెక్కతోనే. పళ్లు మారే రోజుల్లో పిల్ల తల విదిలిస్తే అది పొగరు కాదు, చిగుళ్ల నొప్పి కావచ్చు.

కళ్ళేనికి రెండు పొడవాటి పగ్గాలు కట్టి, శిక్షకుడు వెనకే నడుస్తూ తోలడం తర్వాతి మెట్టు. వీపు మీద బరువు లేకుండానే కుడి, ఎడమ, ఆగు, వెనక్కి... అన్నీ వచ్చేస్తాయి. కొత్త దారులు, వంతెన, నీటి గుంట, ట్రాక్టర్ చప్పుడు, ఎగిరే ప్లాస్టిక్ సంచి లాంటివి పరిచయం చేసేదీ ఇప్పుడే.

చివరగా మనిషి. మొదటి రోజు వీపు మీద చేతులానించి బరువు వేస్తాడంతే. మర్నాడు బోర్లా పడుకుంటాడు, మూటలాగా. గుర్రం తల తిప్పి 'ఏంటిది?' అన్నట్టు చూస్తుంది. నిమురుతారు. దిగిపోతాడు. ఇలా ఎక్కడం దిగడం ఎన్నిసార్లయినా చేశాకే మెల్లగా కాలు అటువైపు వేసి కూర్చుంటాడు. ఇదంతా సవ్యంగా సాగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. కొన్నింటికి మూడు నెలలు. తరగతిలో అందరు పిల్లలూ ఒకేలా చదవరుగా!

ఎముక ముదరనివ్వాలి

తొందర ఎందుకు పనికిరాదు? సమాధానం ఎముకల్లో ఉంది. ఎదిగే ఎముకల చివర మెత్తటి మృదులాస్థి పొరలుంటాయి. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. ముందుకాలి మోకీలుకి పైన ఉండే పొర రెండు, రెండున్నరేళ్లకిగానీ మూసుకోదు. వెన్నెముకలోనివి అయిదో ఏడు దాటేదాకా పూర్తి కావు. అంటే చూడ్డానికి నిండు గుర్రంలా కనిపించే రెండేళ్ల పిల్ల లోపల ఇంకా పచ్చి కట్టడమే.

రెండేళ్ల వయసు నుంచే పందేలు పెట్టడం మీద ప్రపంచవ్యాప్తంగా వాదన నడుస్తూనే ఉంది. పైగా మనదేశంలో రేసు గుర్రాలన్నిటికీ లెక్క ప్రకారం పుట్టినరోజు ఒక్కటే, జనవరి 1. ఏప్రిల్‌లో పుట్టిన పిల్లకి కూడా జనవరి రాగానే ఏడాది నిండినట్టే. అంటే ఒకే పందెంలో పరుగెత్తే రెండేళ్ల పిల్లల మధ్య మూడు నాలుగు నెలల తేడా ఉండొచ్చు. ఆ వయసులో అది చిన్న తేడా కాదు.

మరో వైపు నుంచి చూస్తే, కొట్టంలో కదలకుండా కట్టేసి పెంచడమూ తప్పే. ఎముక వాడకం కొద్దీ గట్టిపడుతుంది. పచ్చిక బయలులో ఈడు పిల్లలతో కలిసి కాసేపు దౌడు తీయడం లేత ఎముకకి మంచిదేనని పరిశోధనలు చెబుతున్నాయి. చేటు చేసేది పరుగు కాదు. గట్టి నేల మీద, బరువుతో, అలసిపోయాక కూడా పరుగెత్తించడం. ముందుకాలి నలక ఎముక మీద వాపు కనిపిస్తే విశ్రాంతి ఇవ్వాల్సిందే. నొప్పి మందు వేసి పరుగెత్తిస్తే, ఏదో ఒక రోజు ఆ ఎముక విరుగుతుంది. గుర్రం మూడు కాళ్ల మీద నెలల తరబడి నిలబడలేదు, మనిషిలా మంచం మీదా పడుకోలేదు. అందుకే విరిగిన కాలు చాలాసార్లు ప్రాణం మీదికే తెస్తుంది.

గుగ్గిళ్లు ఎన్ని? గడ్డి ఎంత?

గుర్రం అనగానే మనకి గుర్తొచ్చేది ఉలవ గుగ్గిళ్లు. బలమైన తిండే, సందేహం లేదు. కానీ గుర్రం పొట్ట గుగ్గిళ్ల కోసం కాదు, గడ్డి కోసం తయారైంది. ఒంటితో పోలిస్తే దాని జీర్ణాశయం చాలా చిన్నది. పచ్చిక బయలులో వదిలితే రోజుకి పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లు పడతాయి. ఒక్కసారిగా దాణా ఎక్కువ పెడితే శూల వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే వీల్లేదు. లోపలికి వెళ్లింది వెనక్కి రాదు. కడుపునొప్పితో పొర్లుతూ, పక్క చూసుకుంటూ, చెమటలు కక్కే గుర్రానికి క్షణాల మీద వైద్యం అందాలి.

అందుకే పాత సహీసుల సూత్రం: కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. తిండిలో సగానికి పైగా గడ్డే ఉండాలి. దాణా ఏది మార్చినా వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. పెద్ద గుర్రం రోజుకి పాతిక నుంచి యాభై లీటర్ల దాకా తాగుతుంది. మన ఎండల్లో చెమట ధారగా కారుతుంది, ఒంట్లో ఉప్పు పోతుంది. కొట్టంలో ఓ ఉప్పుగడ్డ వేలాడదీస్తే కావలసినప్పుడు నాక్కుంటుంది.

ఎదిగే పిల్లల విషయంలో మరో జాగ్రత్త. చౌకగా దొరుకుతుందని తవుడు, గోధుమ పొట్టు కుండలకొద్దీ పెడతారు కొందరు. వాటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ కొరత తీర్చడానికి ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం తోడుకుంటుంది. పిల్ల బొద్దుగా కనిపిస్తుంది, ఎముక బోలుగా ఉంటుంది. లూసర్న్ గడ్డి కొంత కలిపితే ఆ లోటు తీరుతుంది. తొందరగా పెంచాలని గింజలు దట్టించడమూ ప్రమాదమే. ఒళ్లు ముందు పెరిగి, కీళ్లు వెనకబడతాయి.

గిట్టల్లోనే ప్రాణం

గిట్ట మన గోరు లాంటిదే. నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. పిల్లలకైతే నెలకోసారి, పెద్దవాటికి ఆరేడు వారాలకోసారి చెక్కించాలి. ఒక పక్క ఎక్కువ పెరిగితే అడుగు వంకర పడుతుంది. అడుగు వంకర పడితే ఎదిగే కాలూ వంకర తిరుగుతుంది. లాడం మాత్రం పిల్లలకి అక్కర్లేదు. గట్టి నేల మీద పని మొదలయ్యాకే.

మనకి వానాకాలం అసలు పరీక్ష. తడి కొట్టంలో, పేడలో నిలబడితే గిట్ట అడుగున ఉండే మెత్తటి భాగం కుళ్లి దుర్వాసన వస్తుంది. రోజూ ఉదయం సాయంత్రం గిట్టలు గీకి శుభ్రం చేసి, పడక పొడిగా ఉంచడమే మందు. జోరీగల కాలమూ అదే. అవి కుట్టి వ్యాపింపజేసే సర్రా జ్వరం గుర్రాన్ని పీల్చి పిప్పి చేస్తుంది. చిన్న గాయమైనా ధనుర్వాతానికి దారి కాబట్టి ఆ టీకా తప్పనిసరి. పేగు పురుగులకు మందూ అంతే. ఇక గ్లాండర్స్ అనే జబ్బుంది. దీనికి టీకా లేదు, మనుషులకీ సోకుతుంది. తేలితే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, గుర్రాన్ని చంపక తప్పదు. అందుకే కొత్త గుర్రాన్ని కొట్టంలోకి తెచ్చే ముందు రక్తపరీక్ష చేయించాలి. 1985లో హర్యానాలోని హిసార్‌లో ఏర్పాటైన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఇలాంటి జబ్బుల మీదే పనిచేస్తోంది.

మూడు వేల ఏళ్లనాటి పాఠం

గుర్రానికి నేర్పడం గురించి దొరికిన పాత పుస్తకాల్లో ఒకటి మట్టి పలకల మీద ఉంది. క్రీస్తుకి పూర్వం పద్నాలుగో శతాబ్దంలో మిటానీ రాజ్యానికి చెందిన కిక్కులి అనే శిక్షకుడు చెప్పింది. ఇప్పటి తుర్కియేలో ఆ పలకలు దొరికాయి. రథాశ్వాన్ని నెలల తరబడి రోజువారీగా ఎలా తయారుచేయాలో అందులో ఉంది. ఇంకో విశేషం... ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే మాటలు అచ్చం సంస్కృతంలా ఉంటాయి. ఐక, తేర, పంజ, సత్త!

గ్రీకు సేనాని జెనొఫన్ కూడా గుర్రపుస్వారీ మీద ఓ గ్రంథం రాశాడు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నది అందులో ముఖ్యమైన మాట. పిల్లని జనంలోకి తీసుకెళ్లి రకరకాల దృశ్యాలు, చప్పుళ్లు అలవాటు చేయమని కూడా చెప్పాడు. అలెగ్జాండర్ కథ అందరికీ తెలిసిందే. ఎవరికీ లొంగని బ్యూసెఫలస్ తన నీడ చూసి తానే బెదురుతోందని కనిపెట్టి, దాన్ని సూర్యుడి వైపు తిప్పి నిమిరి ఎక్కాడట. బలం కాదు, గమనించడమే గెలిచింది. ఆ గుర్రం క్రీస్తుపూర్వం 326లో జీలం ఒడ్డున పోరాటం తర్వాత మన ఉపఖండంలోనే కన్నుమూసింది.

తెలుగు నేలకీ ఈ విద్య కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆశ్విక దళాన్ని నడిపిన గంగయ పేరు పక్కనే 'సాహిణి' అని ఉంటుంది. గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాణ్నే సాహిణి అనేవారు. మనుమంచి భట్టు తెలుగులో 'హయలక్షణ విలాసం' పేరిట అశ్వశాస్త్రమే రాశాడు. పదమూడో శతాబ్దం చివర్లో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో మాత్రం ఓ చేదు సంగతి చెప్పాడు. పాండ్య దేశపు రాజులు ఏటా సముద్రం మీదుగా వేల గుర్రాలు తెప్పించుకుంటే, ఏడాది తిరిగేసరికి వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయేవట. కారణం? వాటిని ఎలా చూసుకోవాలో తెలియకపోవడమే అన్నాడాయన. డబ్బు పోసి కొనడం వేరు, పెంచడం వేరని ఏడొందల ఏళ్ల కిందటే తేలిన మాట.

ఊరేగింపులో కూన

ఆ మాట ఇవాళ మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వస్తోంది. 2012 పశుగణనలో దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి దాదాపు 3.4 లక్షలకు తగ్గాయి. బండ్లు పోయాయి, బరువులు మోసే పని పోయింది. మరోపక్క తోటల్లో, ఫామ్‌హౌస్‌లలో సరదాగా గుర్రాన్ని పెంచేవాళ్లు కనిపిస్తున్నారు. మార్వాడీ, కాఠియావాడీ జాతి పిల్లల్ని రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి తెప్పించుకుంటున్నారు. ముచ్చట తీరాక, ఖర్చు తెలిశాక, ఓసారి కింద పడ్డాక... అమ్మేస్తారు.

సరిగా నేర్పని గుర్రానికి అక్కణ్నుంచే కష్టాలు. కరుస్తుందని ఒకరు, తంతుందని ఇంకొకరు... చేతులు మారుతూ మారుతూ ఏ పెళ్లి ఊరేగింపుకో చేరుతుంది. అయిదేళ్లయినా నిండని పిల్ల. ముందు బ్యాండు, పక్కన జనరేటరు, కాళ్ల దగ్గర టపాసులు, వీపు మీద పెళ్లికొడుకు, అతని ఒళ్లో తోడుపెళ్లికొడుకు. పారిపోవడమే తెలిసిన జాతికి పారిపోయే దారే ఉండదు. దాన్ని నిలబెట్టడానికి కొందరు ముళ్ల కళ్ళెం వాడతారు. 1965 నాటి జంతుహింస నిరోధక నిబంధనలు దాన్ని నిషేధించాయన్న సంగతి చాలామందికి తెలియదు. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు 'కళ్ళెం చూపించండి' అని పెళ్లివారు ఒక్క మాట అడిగితే చాలు. టపాసులు పదడుగుల దూరంలో కాదు, గుర్రం వెళ్లిపోయాక కాలిస్తే ఇంకా మంచిది.

అందరి కథా ఇలాగే ముగియాలని లేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన రౌతులు డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచారు. గుర్రపుస్వారీలో భారత్‌కి 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణమది. డ్రెసాజ్ అంటే గుర్రం చేత నాట్యం లాంటి అడుగులు వేయించడం. రౌతు చెయ్యి కదిలినట్టు కూడా కనిపించకూడదు. తాడు పట్టుకుని పది నిమిషాలు తిప్పిన ఆ తొలి పాఠానికి పై తరగతి అన్నమాట!

మళ్లీ ఆ గుండ్రటి కంచె దగ్గరికొస్తే... కొన్ని వారాల తర్వాత ఓ తెల్లవారుజామున ఆ గోధుమరంగు పిల్ల వీపు మీద మొదటిసారి ఓ కుర్రాడు నిటారుగా కూర్చుంటాడు. చుట్టూ ఎవరూ ఊపిరి తీయరు. పిల్ల ఒక చెవి వెనక్కి తిప్పుతుంది. ఒక్క క్షణం ఆలోచిస్తుంది. 'చల్ బేటా' అన్న మాట వినగానే అడుగు ముందుకేస్తుంది. ఎగరడం లేదు, విదిలించడం లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లకి 'ఏమీ జరగలేదే' అనిపిస్తుంది.

ఏమీ జరగకపోవడానికే ఇన్నాళ్లూ పట్టింది!

హాన్స్ లెక్కలు

వందేళ్ల కిందట జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసేది. 'మూడూ నాలుగూ ఎంత?' అంటే గిట్టతో ఏడుసార్లు నేల మీద తట్టేది. జనం విరగబడి చూశారు. 1904లో ఓ సంఘం వేసి పరిశీలించినా మోసమేమీ దొరకలేదు. చివరికి 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు గుట్టు విప్పాడు. అడిగేవాళ్లకే జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు! సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల రవ్వంత కదులుతుంది, ఒంట్లో బిగువు సడలుతుంది. ఆ మనిషికే తెలియని ఆ కదలికని గుర్రం కనిపెట్టి ఆగిపోయేది. హాన్స్‌కి లెక్కలు రావు, మనుషుల్ని చదవడం వచ్చు. భయపడుతూనో కోపంగానో దగ్గరికొచ్చే మనిషి ఆ సంగతి గుర్రం దగ్గర దాచలేడు.

కొనే ముందు...

* ఒంటరిగా పెంచొద్దు. గుర్రం మందలో బతికే జీవి. తోడుగా ఇంకో గుర్రమో, కనీసం గాడిదో, మేకో ఉండాలి.
* మొదటిసారి నేర్చుకునేవాళ్లకి పిల్ల గుర్రం వద్దు. రౌతూ కొత్తే, గుర్రమూ కొత్తే అయితే ఇద్దరికీ ప్రమాదం. పదేళ్లు దాటిన నెమ్మదైన గుర్రమే మంచి గురువు.
* గుర్రాలకు వైద్యం తెలిసిన డాక్టరు, గిట్టలు చెక్కి లాడం కొట్టే మనిషి అందుబాటులో ఉన్నారో లేదో ముందే చూసుకోవాలి.
* ధనుర్వాతం టీకా, గ్లాండర్స్ పరీక్ష కాగితాలు అడగాలి.
* మూడేళ్లు నిండకుండా ఎక్కొద్దు. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు.
* పిల్లలు స్వారీ చేసేటప్పుడు తలకి శిరస్త్రాణం తప్పనిసరి. కాలికి మడమ ఉన్న బూటు ఉంటే రికాబులో కాలు ఇరుక్కోదు.